‘పర్లేదు’ అంటే వద్దనా, సరేననా?

ప్రశ్న: మాకు పెళ్ళై రెండేళ్ళు. ఆయన దగ్గరికి వచ్చినప్పుడు నాకు మనసు లేకపోతే ‘వద్దు’ అనడానికి నోరు రాదు, మొరటుగా ఉంటుందని. ‘పర్లేదు’ అంటాను. ఆయన సరే అనుకుంటారు. తర్వాత అడిగితే ‘నువ్వు కాదనలేదుగా’ అంటారు. భాష ప్రకారం ఎవరిది ఒప్పు?
– ఒక పాఠకురాలు

సమాధానం: అమ్మా, ముందు ఆ మాట సంగతి చూద్దాం. పర్వా అంటే చింత, లక్ష్యం. పారసీకంలో పుట్టి ఉర్దూ మీదుగా మనకు వచ్చింది. (మొదటి అక్షరం ‘ప’యే. ‘ఫర్వాలేదు’ అని రాస్తే నాకు పర్వా ఉంది.) ‘కూర్చోండి’ అంటే ‘పర్లేదు’ అన్నవాడు నిలబడే ఉంటాడు. ‘కూర్చోనా?’ అంటే ‘పర్లేదు’ అన్నవాడు జరిగి చోటిస్తాడు. అడిగే తీరును బట్టి తిరగబడే మాట పడకగదిలో ఏం పనికొస్తుంది?

‘వద్దు’ మొరటని మీకెవరు చెప్పారు? ‘వలయు’ అంటే కోరు, అవసరమగు. ‘కావలయును’ కావలెను అయి, ‘కావాలి’గా స్థిరపడింది. ఆ వలయుకే వ్యతిరేకం ‘వలదు’. నోళ్ళలో నలిగి ‘వద్దు’ అయింది. అంటే కావాలి, వద్దు తోబుట్టువులు. వలచు, వలపు కూడా ఆ ఇంటివేనని నా నమ్మకం. ‘వలచాను’ అన్న నోటికి ‘వద్దు’ పరాయిమాట ఎలా అవుతుంది? ఈ మధ్య అందరూ గీస్తున్న ‘హద్దు’ మాత్రం అరబీది. ప్రాసే గాని చుట్టరికం లేదు.

ఇంకొకటి. ‘ముట్టుకోకూడదు’ అంటే ఏ శాస్త్రమో అడ్డుపడ్డట్టు ఉంటుంది. ‘ముట్టుకోవద్దు’లో అడ్డు చెప్పేది ఎదుట ఉన్న మనిషి. వాడుకలో రెండూ కలిసిపోతున్నాయి గాని నా చెవికి తేడా తెలుస్తూనే ఉంది. ‘నాకు వద్దు’ అన్నప్పుడు ఆ ‘నాకు’ను మింగకండి, మనసు ఎవరిదో చెప్పేది అదే. ఇప్పటివాళ్ళు ‘అంత కంఫర్టబుల్‌గా లేదు’ అంటున్నారు. లేనిది మనిషికా, మంచానికా?

మీవారి వాదనకు వస్తే, కాదనకపోవడం ఒప్పుకోలుగా వాడుకలో చెల్లుతున్న మాట నిజమే. కాని ‘కాదు’ అవు ధాతువుకు వ్యతిరేకం, ‘కావాలి’కి కాదు. ఇష్టం ఉందా అని అడిగితే జవాబు కావాలి, లేదా వద్దు. ‘పర్లేదు’కు సరే అనే అర్థం అసలు లేదని నేను తీర్పివ్వలేను. అయితే రెండర్థాల మాట చెవిన పడ్డప్పుడు ‘అంటే కావాలనా, వద్దనా?’ అని ఆగి అడగవలసింది ఆయనే.