హోమ్‌స్కూల్‌లో లెక్కలు: ఎనిమిదేళ్ల పాపకు ఏ కరిక్యులమ్ కొనాలి?

ప్రశ్న: మేము టెక్సస్‌లో, డాలస్ దగ్గర ఉంటాం. మా పాపకు ఎనిమిదేళ్లు. రెండో తరగతి పూర్తయ్యాక బడి మాన్పించి ఇంట్లోనే చదివిస్తున్నాను. కథల పుస్తకాలు గబగబా చదివేస్తుంది, మాతో తెలుగు బాగా మాట్లాడుతుంది, లెక్కల పుస్తకం తీస్తే మాత్రం ఏడుపే. ఏడు నెలల్లో మూడు కరిక్యులమ్‌లు (పాఠ్యపుస్తకాల సెట్లు) మార్చాను, అన్నీ మూడో తరగతివే. ఇప్పటికీ వేళ్ల మీదే లెక్కపెడుతుంది. మావారూ నేనూ సాఫ్ట్‌వేర్ వాళ్లమే. ప్రస్తుతం నేను ఉద్యోగం మానేశాను. ఇలాగైతే రేపు ఇంజినీరింగ్, సైన్స్ దారులు మూసుకుపోతాయేమోనని భయంగా ఉంది. ఏది కొనమంటారు? పాప నోటు పుస్తకంలో ఒక పేజీ ఫొటో జత చేస్తున్నాను.

జవాబు: మీ ప్రశ్న కన్నా ముందు ఆ ఫొటోనే చూశాను. 52లోంచి 27 తీసేస్తే 35 అని రాసింది. 40లోంచి 16 తీసేస్తే 36, 71లోంచి 24 తీసేస్తే 53 అంది. 85లోంచి 32 తీసేయమన్న లెక్క ఒక్కటే సరిగ్గా వచ్చింది. మీరు పక్కన ఎర్ర సిరాతో 'అజాగ్రత్త' అని రాశారు గానీ, ఇంత జాగ్రత్తగా చేసిన పేజీ నేను ఈ మధ్య చూడలేదు. ప్రతి నిలువు వరుసలో పెద్ద అంకెలోంచి చిన్న అంకె తీసేయాలన్న నియమం ఒకటి పాప తనకు తానే కట్టుకుంది; పై అంకెదో కింది అంకెదో చూడకుండా, పేజీ పొడవునా ఒక్కచోట కూడా తప్పకుండా దాన్నే పాటించింది. అంటే 52 ఆమెకు ఒక సంఖ్యగా కనిపించడం లేదు, పక్కపక్కన నిలబడ్డ ఒక 5, ఒక 2గా కనిపిస్తోంది. అలాంటి పిల్లకు 'పక్కింట్లో అరువు తెచ్చుకో' అని ఎన్నిసార్లు చెప్పినా, ఆ అరువు ఏమిటో, ఒకటి తెచ్చుకుంటే పది ఎలా అవుతుందో అర్థం కాదు.

ఇది నిజమో కాదో ఈ సాయంత్రమే తేల్చుకోవచ్చు. పదహారు చింతపిక్కలు, లేకపోతే రాజ్మా గింజలు పాప ముందు పోసి లెక్కపెట్టించండి. కాగితం మీద 16 అని ఆమెచేతనే రాయించి, 6 చుట్టూ సున్నా చుట్టి, 'ఇన్ని గింజలు చూపించు' అనండి, ఆరు చూపిస్తుంది. తర్వాత 1 చుట్టూ సున్నా చుట్టి అదే అడగండి. పది గింజలు జరిపితే నా అంచనా తప్పు. ఒక్క గింజ జరిపిందంటే మాత్రం, మీరు మార్చిన మూడు కరిక్యులమ్‌లూ మూడో తరగతివి కాబట్టి, మూడూ ఆమెకు లేని పునాది మీద గోడ కట్టబోయాయని అర్థం.

టెక్సస్‌లో ఉండటం ఇక్కడ మీకు కలిసొస్తుంది. 1994లో లీపర్ కేసులో రాష్ట్ర సుప్రీం కోర్టు ఇచ్చిన తీర్పు ప్రకారం అక్కడ హోమ్‌స్కూల్‌ను ప్రైవేటు బడిగానే లెక్కిస్తారు; లెక్కలు నేర్పాలన్న షరతు ఉంది గానీ, ఏ పుస్తకంతో నేర్పాలో, ఏ వయసుకు ఏ పాఠం రావాలో ప్రభుత్వం అడగదు, ఏడాది చివర ప్రభుత్వ బడి పిల్లలు రాసే రాష్ట్ర పరీక్ష రాయించాల్సిన పనీ లేదు. కనుక అట్ట మీద ఉన్న తరగతి అంకెను మరచిపోయి, గింజల దగ్గర ఆగిపోయిన చోటి నుంచే మొదలుపెట్టండి. పేరున్న ప్రచురణకర్తలు చాలామంది, పిల్ల ఏ స్థాయి నుంచి మొదలుపెట్టాలో చెప్పే ప్లేస్‌మెంట్ పరీక్షను తమ వెబ్‌సైట్‌లో ఉచితంగానే పెడతారు. కొనేముందు అది రాయించండి, రాస్తున్నప్పుడు పక్కన కూర్చుని సాయం చేయకండి.

ఇక పేర్ల దగ్గరికి వస్తాను. మీ పరిస్థితిలో నేను రైట్‌స్టార్ట్ మ్యాథమెటిక్స్ తీసుకునేవాణ్ని. అందులో పది తీగల మీద పదేసి పూసలుండే అబాకస్ ఉంటుంది. ప్రతి తీగ మీదా ఐదు ఒక రంగు, ఐదు ఇంకో రంగు కావడంతో, ఏడు చూడాలంటే ఒకటీ రెండూ మూడూ అని లెక్కపెట్టకుండా 'ఐదూ రెండూ' అని కన్ను పట్టేస్తుంది. వేళ్ల లెక్క దానంతట అదే తగ్గేది ఇలాగే. సాధనలో చాలా భాగం పేకలాంటి కార్డుల ఆటలతో జరుగుతుంది. వర్క్‌షీటు చూస్తేనే ఏడ్చే పిల్లకు అది చిన్న ఊరట కాదు. అయితే రోజూ అరగంట పెద్దవాళ్లు ఎదురుగా కూర్చుని ఆడాల్సిందే. పుస్తకం ఇచ్చి వంటింట్లోకి వెళ్లిపోతామంటే కుదరదు. ఇంట్లో ఉన్నానన్నారు కాబట్టే ధైర్యంగా చెబుతున్నాను.

రైట్‌స్టార్ట్‌ను ఎంచుకోవడానికి మరో కారణం మన భాష. ఆ పద్ధతిలో మొదట్లో పిల్లలచేత సంఖ్యలను ఇంగ్లిష్ పేర్లతో కాక, 'రెండు పదులు మూడు' అన్న తీరులో పలికిస్తారు. ఇంగ్లిష్‌లో థర్టీన్ అన్నప్పుడు మూడు ముందు వినిపిస్తుంది, అందుకే కొందరు పిల్లలు దాన్ని 31 అని రాసేస్తారు. ఇక ఎలెవెన్‌లో, ట్వెల్వ్‌లో పది ఎక్కడుందో పిల్లలకు వినిపించదు. మన పదమూడులో పదీ, మూడూ వరసగా వినిపిస్తాయి. పదహారు, పదిహేడు కూడా అంతే. ఇరవై దాటాక నలభై ఏడు అంటే ముందు నలభై, వెనక ఏడు, రాసే వరసలోనే. పాపకు తెలుగు వచ్చన్నారు. బడిలో ఇంగ్లిష్‌తో తికమక పడుతుందని లెక్కలను తెలుగులో చెప్పడం మానేసి ఉంటే, మళ్లీ మొదలుపెట్టండి. అమ్మమ్మతోనో నాన్నమ్మతోనో వీడియో కాల్‌లో రోజూ పది నిమిషాలు, ఐస్‌క్రీం పుల్లలను పదేసి కట్టలు కట్టి 'మూడు కట్టలూ నాలుగు పుల్లలూ ఎంత?' అన్న ఆట ఆడించండి. వామనగుంటల పీట ఉంటే అదీ తీయండి. 52లోంచి 27 తీసేయడం ఆ కట్టలతో చేసినప్పుడు, రెండు పుల్లల్లోంచి ఏడు ఇవ్వలేక ఆమే ఒక కట్ట విప్పుతుంది. అరువు అంటే ఏమిటో అప్పుడు మీరు చెప్పక్కర్లేదు.

మీరు మళ్లీ ఉద్యోగంలో చేరే ఆలోచన ఉంటే మ్యాథ్-యు-సీ మేలు. రంగు దిమ్మెలు, వీడియో పాఠాలు ఉంటాయి. ఒక పుస్తకం ప్రధానంగా ఒకే విషయాన్ని పట్టుకుంటుంది: ఆల్ఫాలో ఒక అంకె కూడికలు, తీసివేతలు, బీటాలో రెండు మూడు అంకెలవి, గామాలో గుణకారం. మీ పాప బహుశా ఆల్ఫా చివరా బీటా మొదలూ ఉన్న చోట ఉంటుంది. సింగపూర్ మ్యాథ్ నాకు చాలా ఇష్టమైన పద్ధతే. వస్తువు, తర్వాత బొమ్మ, ఆ తర్వాతే అంకె అన్న క్రమం అందులో బాగా కుదిరింది. అయితే దాని రాతలెక్కల బరువుకు ఏడాది ఆగడం మంచిది. శాక్సన్‌లో రోజుకో చిన్న ముక్క కొత్తగా చెప్పి పాతవన్నీ కలిపి చేయిస్తారు. పాతవే నిలవని పిల్లకు అది రోజూ ఓటమి. బీస్ట్ అకాడమీ బొమ్మల కథలు చూసి పాప ముచ్చటపడొచ్చు గానీ, లోపలి లెక్కలు సవాళ్లను ఇష్టపడే పిల్లల కోసం రాసినవి. ఖాన్ అకాడమీ వెబ్‌సైట్ ఉచితం. వారానికొకసారి సరిచూసుకోవడానికి వాడుకోండి, పాఠం మొత్తం దాని మీద పెట్టకండి.

ఏది కొన్నా, కనీసం ఒక ఏడాది మార్చనని మీకు మీరే మాట ఇచ్చుకోండి. ప్రతి కరిక్యులమ్‌కూ తనదైన భాష, తనదైన వరస ఉంటాయి. ఏడు నెలల్లో మూడు మారితే, పాపకు లెక్కలతో పాటు ప్రతిసారీ ఆ కొత్త భాష కూడా నేర్చుకోవాల్సిన పని పడింది. వేళ్లు వాడితే అదిలించకండి. అదిలిస్తే బల్ల కింద పెట్టుకుని లెక్కపెడుతుంది, మీకు కనిపించదు, అంతే తేడా.

ఇంజినీరింగ్ సంగతి. అమెరికాలో ఆల్జీబ్రా వన్ (బీజగణితం మొదటి కోర్సు) తొమ్మిదో తరగతిలో చదవడం మామూలు విషయం, కొందరు ఎనిమిదిలో చదువుతారు. మీకు ఐదారేళ్ల వ్యవధి ఉంది. మన తెలుగు ఇళ్లలో పక్కింటి పిల్ల ఆరులోనే ఆల్జీబ్రా మొదలుపెట్టిందన్న మాట వినగానే గుండె జారుతుంది, నాకు తెలుసు. ఆల్జీబ్రా దగ్గర బోర్లాపడే పిల్లల్లో చాలామందికి నిజానికి అడ్డుపడేది అయిదో తరగతి భిన్నాలు, ఆ భిన్నాల వెనక ఈ పదులూ ఒకట్లూ. ఎనిమిదేళ్లప్పుడు ఒక ఏడాది వెనక్కి వెళ్లడం వల్ల ఏ దారీ మూసుకుపోదు.

ఒక్క విషయంలో మాత్రం ఆలస్యం చేయవద్దు. నాలుగైదు నెలలు కట్టలతో, పూసలతో శ్రద్ధగా చేశాక కూడా మూడు గింజలను చూడగానే మూడని చెప్పలేకపోతే, ఏడు పెద్దదో తొమ్మిది పెద్దదో ఆలోచించాల్సి వస్తుంటే, నిన్న వచ్చింది ఇవాళ పూర్తిగా పోతుంటే, డిస్కాల్కులియా (అంకెలు, లెక్కలు పట్టుబడని అభ్యసన ఇబ్బంది) ఉందేమో చూపించాలి. వైకల్యం ఉన్న పిల్లల చదువు కోసం చేసిన ఐడియా అనే ఫెడరల్ చట్టం, దాని నిబంధనలు లెక్కలు చేయడంలో, లెక్కల సమస్యలు పరిష్కరించడంలో వచ్చే ప్రత్యేక ఇబ్బందులను అభ్యసన వైకల్యాల్లో పేర్కొన్నాయి. బడికి పంపకపోయినా, ప్రైవేటు బడి పిల్లల మాదిరిగానే, మీ ప్రాంతపు స్కూల్ డిస్ట్రిక్ట్‌ను ఉచిత మూల్యాంకనం అడగవచ్చు. ఫోన్‌లో అడగకుండా తేదీ వేసి లిఖితపూర్వకంగా ఇవ్వండి, నకలు ఉంచుకోండి, ఈ నోటు పుస్తకాన్ని కూడా తీసుకెళ్లండి. 'అజాగ్రత్త' అన్న ఆ ఎర్ర సిరా మాటను ముందు కొట్టేయండి.