సేవ్ చేస్తే ఈసీజీ చదునైపోయింది!

ప్రశ్న: సార్, నేను బీటెక్ ఫైనలియర్ ఈసీఈ. ప్రాజెక్ట్ కోసం ఈసీజీ సిగ్నల్‌ని మ్యాట్‌ల్యాబ్ అనే లెక్కల సాఫ్ట్‌వేర్‌లో ఫిల్టర్ చేసి, ఫైల్‌లోకి రాసే ఎఫ్‌రైట్ కమాండ్‌తో డాట్ బిన్ (బైనరీ) ఫైల్‌లోకి సేవ్ చేశా. సేవ్ చేసేముందు ప్లాట్ బ్రహ్మాండంగా ఉంది, చదివే కమాండ్ ఎఫ్‌రీడ్‌తో మళ్లీ తెరిస్తే అన్నీ సున్నాలే, అక్కడక్కడా ఒకట్లు. ఎర్రర్ కూడా రావట్లేదు. మా గైడ్‌గారేమో మళ్లీ రికార్డ్ చెయ్యమంటున్నారు. (ఒక పాఠకుడు, కాకినాడ)

జవాబు: మళ్లీ రికార్డింగ్ ఏమీ అక్కర్లేదు బాబూ, నీ సిగ్నల్‌కి ఏ రోగమూ లేదు. ఎఫ్‌రైట్‌కి ఏ టైపులో రాయాలో నువ్వు చెప్పలేదు కదా, చెప్పకపోతే అది యూఇంట్8 అనుకుంటుంది, అంటే 0 నుంచి 255 దాకా పూర్ణాంకాలు మాత్రమే. నీ ఈసీజీ మిల్లీవోల్టుల్లో ఉంటుంది, మైనస్‌లన్నీ సున్నా అయిపోయాయి, దశాంశాలు ఎగిరిపోయాయి, ఆర్ పీక్‌లు (గుండె కొట్టుకున్నప్పుడల్లా వచ్చే ఎత్తైన మొనలు) మాత్రం ఒకట్లుగా మిగిలాయి. ఎర్రర్ రాకపోవడమే ఇందులో అసలు దొంగదెబ్బ. ఆ బిన్ ఫైల్ తీసెయ్, అందులో పోయినవి ఇక రావు, రా డేటా మీద ఫిల్టర్ మళ్లీ రన్ చేసి ఈసారి ఎఫ్‌రైట్‌లో మూడో ఆర్గ్యుమెంట్‌గా (బ్రాకెట్లో మూడో విలువగా) 'సింగిల్' అని ఇవ్వు, అంటే ఒక్కో శాంపిల్‌ని (ఒక్కో కొలతని) దశాంశాలతో సహా 4 బైట్లలో రాస్తుంది. చదివేటప్పుడు కూడా అదే చెప్పాలి, అక్కడ మర్చిపోతే ఒక్కో శాంపిల్ నాలుగు ముక్కలై వస్తుంది.

సైజు గురించి భయపడకు. సెకనుకి 360 శాంపిల్స్ చొప్పున అరగంటకి 6,48,000 శాంపిల్స్, ఒక్కోటి 4 బైట్లు, మొత్తం 26 లక్షల బైట్లు కూడా దాటదు. ఇంకా తగ్గించాలంటే 200తో గుణించి ఇంట్16గా (2 బైట్ల పూర్ణాంకంగా) రాయి, సగమవుతుంది, చదివాక 200తో భాగించాలి. పరిశోధకులు వాడే ఎంఐటీ-బీఐహెచ్ అనే ఈసీజీ రికార్డుల డేటాబేస్‌లో కూడా మిల్లీవోల్టుకి 200 యూనిట్లే, వాళ్లయితే ఇంకా పిసినారితనంగా రెండు 12 బిట్ శాంపిల్స్‌ని 3 బైట్లలో కుక్కారు. కానీ ఆ గెయిన్ (మిల్లీవోల్టుకి ఎన్ని యూనిట్లన్నది), శాంప్లింగ్ రేటు (సెకనుకి ఎన్ని శాంపిల్స్ అన్నది), ఛానెళ్లు ఎన్ని అన్నదంతా పక్కనే డాట్ హెచ్ఈఏ అనే చిన్న టెక్స్ట్ ఫైల్లో ఉంటుంది, ఎందుకంటే బైనరీ ఫైల్‌కి తనలో ఏముందో తనకే తెలీదు. నువ్వూ ఒకటి రాసిపెట్టుకో, వైవా రోజుకి నీకే గుర్తుండదు.

ప్రశ్న: ల్యాబ్‌వ్యూలో (పరికరాల నుంచి డేటా తీసుకునే సాఫ్ట్‌వేర్) సేవ్ చేసిన ఇంట్16 ఫైల్‌ని మ్యాట్‌ల్యాబ్‌లో తెరిస్తే 1 ఉండాల్సిన చోట 256 వస్తోంది, మొదట్లో ఏవో రెండు పిచ్చి నంబర్లు కూడా ఉన్నాయి. (ఒక పాఠకురాలు, వరంగల్)

జవాబు: ల్యాబ్‌వ్యూ మామూలుగా బిగ్ ఎండియన్‌లో రాస్తుందమ్మా, అంటే పెద్ద బైట్ ముందు, మన పీసీలు చదివేది తిరగేసి. మ్యాట్‌ల్యాబ్‌లో ఫైల్ తెరిచే ఎఫ్‌ఓపెన్‌లో మూడో ఆర్గ్యుమెంట్‌గా 'ఐఈఈఈ-బీఈ' ఇస్తే 256 మళ్లీ 1 అవుతుంది. ఆ పిచ్చి నంబర్లు పిచ్చివి కావు, అరేలో (నంబర్ల వరుసలో) ఎన్ని ఎలిమెంట్లున్నాయో ల్యాబ్‌వ్యూ ముందు 4 బైట్లలో రాస్తుంది, దాన్ని ముందుగా ఒక ఇంట్32గా చదివేసి తర్వాత ఇంట్16 మొదలుపెట్టండి, 2డీ అరే (అడ్డవరుసలు, నిలువువరుసలున్న పట్టిక) అయితే అలాంటివి రెండుంటాయి.