రొయ్యల చెరువు నుంచి జెనీవా దాకా: ఈ చదువుకు ఉద్యోగాలున్నాయా?

ప్రశ్న: మాది భీమవరం దగ్గర పల్లె. రొయ్యల సాగు చేస్తాం. 2025 ఆగస్టులో అమెరికా మన సరుకు మీద సుంకం 50 శాతానికి పెంచినప్పుడు వంద కౌంటు (కిలోకు వంద తూగే) రొయ్యల ధర పడిపోయి ఇంటిల్లిపాదీ టెన్షన్ పడ్డాం. బీఏ ఎకనామిక్స్ రెండో ఏడు చదువుతున్న మా అమ్మాయి అప్పటి నుంచి, దేశాల మధ్య జరిగే వాణిజ్య చర్చల్లో పనిచేస్తానంటోంది. బంధువులేమో బ్యాంకు కోచింగ్‌లో చేర్పించమంటున్నారు. అసలు ఇలాంటి ఉద్యోగాలు ఉన్నాయా?

జవాబు: ఉన్నాయండీ. సంఖ్య తక్కువే, కానీ పాతికేళ్ల కిందటి కంటే నయం. ఎందుకు పెరిగాయో తెలిస్తే ఏం చదవాలో కూడా తేలిపోతుంది. అందుకే ముందు ఆ సంగతి చెబుతాను.

ప్రపంచ వాణిజ్య సంస్థ (డబ్ల్యూటీఓ) 1995లో మొదలైనప్పుడు అమెరికా, యూరప్, జపాన్, కెనడా ఒక మాట అనుకుంటే చాలావరకు అదే ఖాయమయ్యేది. 2003 సెప్టెంబరులో మెక్సికోలోని కాంకున్‌లో జరిగిన ఆ సంస్థ మంత్రుల సమావేశంలో ఆ పద్ధతికి గండి పడింది. వ్యవసాయంపై అమెరికా, యూరప్ కలిసి రాసుకొచ్చిన ముసాయిదాకు పోటీగా బ్రెజిల్, భారత్, చైనా, దక్షిణాఫ్రికా తదితర దేశాలు జీ-20 పేరుతో కూటమి కట్టి సొంత ముసాయిదా పెట్టాయి. (ఇప్పుడు దేశాధినేతలు కలిసే జీ-20 వేరు.) సమావేశం ఒప్పందం లేకుండానే ముగిసింది. 2008 జులైలో సంస్థ ప్రధాన కార్యాలయం ఉన్న జెనీవాలోనూ అంతే. దిగుమతులు ఒక్కసారిగా ముంచుకొస్తే రైతును కాపాడుకోవడానికి సుంకం ఎప్పుడు పెంచుకోవచ్చన్న విషయం మీద భారత్, చైనా ఒకవైపు, అమెరికా ఇంకోవైపు పట్టుబట్టాయి. చర్చలు అక్కడే ఆగిపోయాయి.

అయితే బలమంటే అడ్డుకోవడమేనని మీ అమ్మాయి అనుకోకూడదు. తను తప్పకుండా చదవాల్సింది బ్రెజిల్ వేసిన పత్తి కేసు. అమెరికా తన పత్తి రైతులకిచ్చే సబ్సిడీల వల్ల ప్రపంచ మార్కెట్లో ధర పడిపోతోందని 2002లో బ్రెజిల్ ఫిర్యాదు చేసింది. పడిపోతోందని ఎవరైనా అంటారు, ఎంత పడిపోతోందో చూపించాలి కదా. ఆ లెక్క కట్టింది కాలిఫోర్నియా యూనివర్సిటీ వ్యవసాయ ఆర్థికవేత్త డానియల్ సమ్నర్. ఆయన అంతకుముందు అమెరికా వ్యవసాయ శాఖలోనే అధికారిగా పనిచేశారు. సబ్సిడీలు లేకుంటే పత్తి ధర 12 శాతానికి పైగా ఎక్కువ ఉండేదని ఆయన మోడల్ చెప్పింది. బ్రెజిల్ గెలిచింది, అప్పీలులోనూ నిలబడింది. చివరికి 2014లో అమెరికా 30 కోట్ల డాలర్లు ఇచ్చి రాజీ చేసుకుంది. బ్రెజిల్ విదేశాంగ శాఖ 2001లోనే వాణిజ్య వివాదాల కోసం విడిగా ఒక విభాగం పెట్టుకుంది. యువ లాయర్లకు జెనీవాలోని తన కార్యాలయంలో పని నేర్పించింది. మంత్రిగారు ఎంత గట్టిగా మాట్లాడినా, ఆయన ముందుండే నోట్ ఇలాంటి వాళ్లే తయారు చేయాలి. మీ అమ్మాయి కోరుకుంటున్న ఉద్యోగం ఇదే.

మన దేశంలో ఈ పని ఎక్కువగా ఢిల్లీలో జరుగుతుంది. అక్కడి ఐఐఎఫ్‌టీ (ఇండియన్ ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ ఫారిన్ ట్రేడ్)లో 1999 నుంచి డబ్ల్యూటీఓ అధ్యయన కేంద్రం ఉంది. వాణిజ్య, పెట్టుబడుల చట్టాల కోసం మరో కేంద్రం 2016లో వచ్చింది. వాణిజ్య శాఖకు కావలసిన పరిశోధన, న్యాయ సలహా ఇక్కడి నుంచి వెళ్తాయి. యూఏఈ, ఆస్ట్రేలియాలతో 2022లో, స్విట్జర్లాండ్, నార్వే ఉన్న ఎఫ్టా కూటమితో 2024లో, బ్రిటన్‌తో 2025లో వరసగా ఒప్పందాలు కుదరడంతో పని బాగా పెరిగింది. ఎకనామిక్స్, లా చదివిన యువతను తీసుకుంటారు. అయితే ఎక్కువ భాగం కాంట్రాక్టు ఉద్యోగాలే. ఈ మాట మీరు ముందే తెలుసుకోవాలి. అనుభవం విలువైనదే గానీ భద్రత ఉండదు.

పర్మనెంట్ ఉద్యోగాలకు దారి యూపీఎస్సీ. సివిల్స్ ద్వారా విదేశాంగ సర్వీసు, ఇండియన్ ట్రేడ్ సర్వీసు వస్తాయి. కానీ మీ అమ్మాయికి నేను ముందు సూచించేది ఇండియన్ ఎకనామిక్ సర్వీస్. దానికి ఎకనామిక్స్‌లో పీజీ కావాలి, వయసు 21 నుంచి 30 లోపు ఉండాలి. అదే పీజీతో ఆర్బీఐ పరిశోధన విభాగం పరీక్ష రాయొచ్చు, నెట్ రాసి లెక్చరర్ కావచ్చు. అంటే ఢిల్లీ కుదరకపోయినా చదువు వృథా పోదు. బ్యాంకు కోచింగ్ అంటున్న మీ బంధువులకు ఇదే చెప్పండి.

అందుకని డిగ్రీ అవగానే ఎంఏ ఎకనామిక్స్. హైదరాబాద్ సెంట్రల్ యూనివర్సిటీకి సీయూఈటీ పీజీ రాయాలి. ఐఐఎఫ్‌టీలో వాణిజ్యం, ఫైనాన్స్ ప్రత్యేకాంశాలుగా ఎంఏ ఉంది. కాకినాడలో ఐఐఎఫ్‌టీ క్యాంపస్ వచ్చింది కదా అని అడుగుతారేమో, అక్కడి ఐదేళ్ల మేనేజ్‌మెంట్ కోర్సు ఇంటర్ తర్వాత చేరేవాళ్లకు. కాబట్టి మీకు పనికిరాదు. లెక్కల కన్నా వాదించడం, నిబంధనలు చదవడం ఇష్టమైతే లాసెట్ రాసి మూడేళ్ల ఎల్ఎల్‌బీ చేయనివ్వండి. రెండూ ఒకేసారి నెత్తికెత్తుకోవద్దు.

నాకు బెంగ ఒక్కటే, లెక్కలు. చాలా డిగ్రీ కాలేజీల్లో బీఏ ఎకనామిక్స్ లెక్కలు ముట్టుకోకుండానే గడిచిపోతుంది. ఎంఏలో ఎకనామెట్రిక్స్ (ఆర్థిక విషయాలను గణాంకాలతో విశ్లేషించే సబ్జెక్టు) వచ్చేసరికి పిల్లలు బెదిరిపోతారు. ఈ ఏడాదే స్టాటిస్టిక్స్, కాలిక్యులస్ మొదలుపెట్టమనండి. కేంద్ర ప్రభుత్వ ఆన్‌లైన్ చదువుల వెబ్‌సైట్ స్వయం పోర్టల్‌లో ఉచితంగా పాఠాలున్నాయి. డబ్ల్యూటీఓ అధికార భాషలు ఇంగ్లిష్, ఫ్రెంచ్, స్పానిష్. ఫ్రెంచ్ తర్వాతైనా నేర్చుకోవచ్చు, లెక్కలు మాత్రం ఆలస్యం చేయకూడదు.

ఈ వేసవి సెలవుల్లో ఒక పని అప్పజెప్పండి. గడ్డకట్టించి ఎగుమతి చేసే రొయ్యల కస్టమ్స్ కోడ్ ఎక్కువగా 0306.17. దేశాల ఎగుమతి, దిగుమతుల లెక్కలుండే ట్రేడ్ మ్యాప్ వెబ్‌సైట్‌లో ఆ నంబరు కొట్టి, మన దేశం, ఈక్వెడార్, వియత్నాం పదేళ్లలో అమెరికాకు ఎంత అమ్మాయో పట్టిక తయారు చేయమనండి. తర్వాత రొయ్యలు, తాబేళ్ల కేసులో 1998లో వచ్చిన అప్పీలు తీర్పు చదవమనండి. సముద్రంలో రొయ్యల వేటకు వాడే వలల్లో తాబేళ్లు చిక్కుకుంటున్నాయని అమెరికా దిగుమతులు ఆపితే, మలేషియా, పాకిస్తాన్, థాయిలాండ్‌లతో కలిసి మన దేశం వేసిన కేసు అది. డబ్ల్యూటీఓ వెబ్‌సైట్‌లో ఉచితంగా దొరుకుతుంది. పట్టిక చేస్తున్నప్పుడు ఉత్సాహం పెరిగితే ఎంఏ, తీర్పు చదువుతున్నప్పుడు పెరిగితే లా. రెండూ విసుగనిపిస్తే అప్పుడు బ్యాంకు పరీక్షల గురించి ఆలోచిద్దాం.