ఆ తోకని చూసి మురిసిపోకు

అమ్మలూ,

చల్లబరిచిన రుబీడియం పరమాణువుల మీద పీహెచ్‌డీ చేస్తున్నావట, మీ అమ్మ ఫోన్‌లో చెప్పింది. సంతోషం వేసింది, టెన్షనూ పట్టుకుంది. "ఇంతకీ అదేంట్రా?" అని అడిగింది. అంతర్వేది రథాన్ని అందరూ ఒక్క ఊపులో లాగితే పరుగెడుతుంది, ఒకరికొకరు అడ్డం లాగితే కదలదు. పరమాణువులూ కలిసి వెలిగితే ఒక్కోసారి గబుక్కున ఆరిపోతాయి, ఒక్కోసారి ఎంతకీ ఆరవు అన్నాను. 1954లో భౌతిక శాస్త్రవేత్త డికీ చెప్పిందాన్ని అంతకంటే విడమర్చడం నా వల్ల కాలేదు.

ముందు కళ్లు జాగ్రత్త. 780 నానోమీటర్ల లేజర్ మసక ఎర్ర చుక్కలా కనబడి, ఏముందిలే అనిపిస్తుంది. రెటీనాని మాత్రం కాల్చేస్తుంది. లేజర్‌ని కంట్లోకి తిప్పే గాజులు, ఉంగరం, వాచీ తీసేసే లాబ్‌లోకి వెళ్లు. అమ్మమ్మ పెట్టిన గాజులు తియ్యనని మొండికేస్తావ్, నాకు తెలుసు. కింద పడిన స్క్రూ కోసం వంగితే కన్ను సరిగ్గా బీమ్ ఎత్తుకి వస్తుంది, కళ్లు మూసుకుని వంగు.

వాక్యూమ్, లేజర్ లాకింగ్ మీ సీనియర్లు నేర్పుతారు.

మా రోజుల్లో నా రూమ్మేట్ సోడియం ఆవిరి వెలుగు ఎంతసేపట్లో ఆరుతుందో కొలిచాడు. 16 నానోసెకన్లు రావాలి, చాలా ఎక్కువ వచ్చింది. కొత్తది కనిపెట్టేశానని హాస్టల్ అంతా పూతరేకులు పంచాడు. నిజానికి ఒక పరమాణువు వదిలిన ఫోటాన్‌ని పక్కది మింగి మళ్లీ వదులుతోంది. అలా చేతులు మారి బయటపడేసరికి ఆలస్యం, అంతే. గైడ్ ఆ ఆవిరి ఉన్న గాజు సెల్‌ని కాస్త చల్లార్చి ఆవిరి పలచన చేయించగానే సమయం తగ్గిపోయింది. అదీ సెమినార్‌లో, అందరి ముందూ. పాపం, వాడి మొహం చూడలేకపోయాం.

నీ దారిలోనూ అదే గొయ్యి ఉంది. ఒంటరి రుబీడియం పరమాణువు ఆరడానికి 26 నానోసెకన్లు. పరమాణువుల మేఘంలో అంతకన్నా పొడుగు తోక, అంటే ఆరకుండా సాగే మసక వెలుగు, కనబడగానే సబ్‌రేడియన్స్ (అదే, కలిసి వెలిగి ఎంతకీ ఆరకపోవడం) అని గంతులెయ్యకు. లేజర్‌ని రెజొనెన్స్ (పరమాణువు బాగా మింగే రంగు) నుంచి దూరం జరుపుతూ చూడు. ఫోటాన్ చిక్కుకుపోవడం వల్ల వచ్చిన తోకైతే పొట్టిదవుతుంది. అసలైన సబ్‌రేడియన్స్ అయితే ఆరే సమయం దాదాపు మారదు. 2016లో ఫ్రాన్స్‌లోని నీస్ వాళ్లు దూరం జరిపిన లేజర్‌తోనే దాన్ని చూపించారు. పరమాణువులు లేకుండా కూడా ఓసారి కొలువు తల్లీ, వెలుగుని పట్టే ఫోటోమల్టిప్లయర్ తనంతట తాను దొంగ పల్స్‌లు పుట్టిస్తుంది.

సంక్రాంతికి వచ్చేటప్పుడు పరమాణువులతో ఒకటి, లేకుండా ఒకటి, ఆ రెండు గ్రాఫులూ పట్టుకురా. లాగ్ స్కేల్ మీద గియ్యి, మామూలు స్కేల్ మీద తోక కనబడదు.

మావయ్య,
అమలాపురం