పాత దయ్యాల కథను మళ్లీ రాయబోయే మేనల్లుడికి

చిరంజీవి మేనల్లుడికి మామయ్య ఆశీస్సులు.

పాత భూతాల బంగళా సినిమా ఒకదాని హక్కులు కొన్న నిర్మాత, దాన్ని ఈ కాలానికి తగినట్టు తిరగరాసే పని నీకు అప్పగించాడని తెలిసి సంతోషించాను. ఎక్కడ మొదలుపెట్టాలని అడిగావు. కలం పట్టుకునే ముందు 1963లో రాబర్ట్ వైజ్ తీసిన 'ది హాంటింగ్'ను, 1999లో అదే పేరుతో జాన్ డి బాంట్ తీసిన చిత్రాన్ని ఒకదాని వెంట ఒకటి చూడు. రెండింటికీ మూలం షిర్లీ జాక్సన్ 1959లో ప్రచురించిన నవలే. మొదటిదానికి సుమారు 11 లక్షల డాలర్లు ఖర్చయితే, రెండోదానికి దాదాపు 8 కోట్లయ్యాయి. డబ్బు ఎక్కువై రెండోది చెడిపోయిందని చాలామంది అంటారు గానీ నేను ఒప్పుకోను. అది స్క్రిప్టు దగ్గరే చెడింది.

1963 సినిమాలో కథానాయిక ఎలెనార్ మంచం పట్టిన తల్లికి 11 ఏళ్లు చాకిరీ చేసిన మనిషి. తల్లి గోడ మీద కొట్టి పిలిచేది. ప్రాణం పోయిన రాత్రి కూడా కొట్టింది, కూతురు వెళ్లలేదు. అలాంటి మనిషి హిల్ హౌస్ అనే భూతాల బంగళాలో పడుకున్న రాత్రి, నడవాలో ఎవరో గోడలు బాదుతున్నట్టు చప్పుడు మొదలవుతుంది. నిద్రమత్తులో ఉన్న ఆమె, వస్తున్నానని తల్లికే జవాబు చెబుతుంది. ఆ ఒక్క మాటతో, చప్పుడు ఇంటిదా ఆమె గుండెలోదా అన్న అనుమానం మనకు పట్టుకుంటుంది, చివర ఆమె కారు చెట్టుకు గుద్దుకునేదాకా వదలదు, ఆ తర్వాత కూడా తీరదు. నీ చేతికి వచ్చిన పాత సినిమాలో ఇలాంటి చోటు ఎక్కడుందో ముందు వెతుకు. భయం బంగళాలో ఉండదు, బంగళాకు వచ్చిన మనిషి వెంట తెచ్చుకున్న దానిలో ఉంటుంది. అది దొరికేదాకా ఒక్క సీను కూడా రాయకు.

విచిత్రమేమంటే ఈ విత్తనం రీమేక్ చేతిలోనూ ఉంది. అక్కడ నెల్ అని పిలిచే ఎలెనార్ కూడా తల్లికి సేవ చేసి అలసిన కూతురే. (ఆ పాత్ర వేసిన లిలీ టేలర్ మంచి నటి, తప్పు ఆమెది కాదు.) పైగా నిద్రలేమి మీద పరిశోధన అని అబద్ధం చెప్పి, నిజానికి భయాన్ని పరీక్షించడానికే ఒక డాక్టరు నెల్‌తో పాటు మరికొందరిని ఆ ఇంటికి రప్పిస్తాడు. జరుగుతున్నది దయ్యమా, డాక్టరు మాయా అని ప్రేక్షకుణ్ణి గంటన్నర ఊగిసలాడించగల ఎత్తుగడ అది! దాన్ని అలా వదిలేసి, ఇల్లు కట్టిన హ్యూ క్రెయిన్ తన మిల్లులో పనిచేసే పిల్లలను చంపాడని, వాళ్ల ఆత్మలను నెల్ విడిపించాలని, ఆమెకు ఆ కుటుంబంతోనే రక్తసంబంధమని ఒక్కొక్కటే విప్పి చెప్పుకుంటూ పోయారు. నేరస్థుడెవరో, నేరమేమిటో, దానికి విరుగుడేమిటో తేలిపోయాక మిగిలేది పోలీసు కథే. అందుకే ఆఖరున గ్రాఫిక్స్‌తో చేసిన ఆకారం హాలు నిండా లేచి నిలబడినా ఒళ్లు జలదరించదు. దయ్యానికి నువ్వు రాసే పూర్వకథ ఎంత పొడవైతే భయం అంత తరిగిపోతుందని గుర్తుంచుకో.

తీసే పద్ధతి గురించి కూడా రెండు మాటలు చెబుతాను, ఎందుకంటే అది స్క్రిప్టులోనే మొదలవుతుంది. వైజ్ దయ్యాన్ని ఒక్కసారి కూడా చూపలేదు. అందరూ కూర్చున్న గదిలో మూసిన తలుపు, అవతలి నుంచి ఏదో ఆనుకుని నెడుతున్నట్టు, మెల్లగా లోపలికి ఉబ్బుతుంది, మళ్లీ సర్దుకుంటుంది. వెనక ఉన్నది పొరల చెక్క తలుపును దుంగతో నెట్టిన మనిషి బలం, అంతే. సినిమా లెన్సులు తయారుచేసే పానావిజన్ కంపెనీ వాళ్లు ఇంకా సిద్ధం కాలేదని, గీతలను వంకర చేస్తుందని చెప్పిన, ఎక్కువ వెడల్పు చూపే 30 మిల్లీమీటర్ల లెన్సును ఆ వంకర కోసమే పట్టుబట్టి తెచ్చుకున్నాడు. గోడలు నిటారుగా ఉన్నా చూసేవాడికి నమ్మకం కుదరదు. గదులకు పైకప్పులు కట్టించాడు, దీపాలు బాగానే వెలిగించాడు. చీకటి మూలలు లేకుండానే ఆ ఇల్లు భయపెడుతుంది. కాబట్టి నీ స్క్రిప్టులో "చీకటి, ఉరుము, తెర చీల్చుకుని ఆకారం" అని రాయబోయే చోట, ఆ గదిలోని మనుషులు ఏ చప్పుడు వింటున్నారో, ఒకరి ముఖం ఒకరు ఎలా చూసుకుంటున్నారో రాయి. కెమెరామన్‌కూ రీరికార్డింగ్ చేసేవాళ్లకూ అందులోనే పని దొరుకుతుంది.

నిర్మాత ఒప్పుకోడని నువ్వు అంటావు. ఖర్చు తెర మీద కనిపించాలని వాళ్లు అడగడం సహజం, తప్పు కూడా కాదు. 1999 సినిమాలోని సెట్లు నిజంగా కన్నుల పండుగే, వసూళ్లు కూడా తక్కువేమీ రాలేదు. ఆ మాట దాచకుండా ఒప్పుకుని, అదే జూలైలో 'ది బ్లెయిర్ విచ్ ప్రాజెక్ట్' అనే చిన్న సినిమా మంత్రగత్తెను చూపకుండానే అంతకంటే ఎక్కువ డబ్బు తెచ్చిందని చెప్పు. లెక్కల మనిషికి లెక్కతోనే చెప్పాలి. డబ్బు ఖర్చు పెట్టాలనుకుంటే ఇంటి మీద, చప్పుడు మీద పెట్టమను.

మొదటి ప్రతి పూర్తయ్యాక దయ్యం గతం చెప్పే సన్నివేశాలన్నీ తీసేసి మరొక ప్రతి తయారు చేసి, కథ తెలియని ఎవరి చేతనైనా చదివించు. వాళ్లకు ఎక్కడ అర్థం కాలేదో అక్కడ మాత్రమే ఒకటి రెండు వాక్యాలు తిరిగి చేర్చి, ఆ రెండు ప్రతులూ నాకు పంపు.

ఇట్లు,
మీ మామయ్య