ఎస్‌ఈఓ కోర్సుకు డబ్బు కట్టే ముందు మేనమామ వెబ్‌సైట్ బాగుచేయనివ్వండి

ప్రశ్న: మాది గుంటూరు, బ్రాడీపేట. మా అబ్బాయి బీకాం కంప్యూటర్స్ ఆఖరి సంవత్సరం చదువుతున్నాడు. మా తమ్ముడికి మంగళగిరిలో చేనేత చీరల షాపు ఉంది. నిరుడు వెబ్‌సైట్ చేయించాడు కానీ గూగుల్‌లో ఎంత వెతికినా కనిపించదు. అది చూసినప్పటి నుంచి మావాడికి ఎస్‌ఈఓ, అంటే సైటు గూగుల్ వెతుకులాటలో పైన కనపడేలా చేసే పని, మీద మనసు పడింది. విజయవాడలో మూడు నెలల కోర్సుకు 40 వేలు అడుగుతున్నారు. ఏ సైటునైనా మొదటి పేజీలోకి తెచ్చే టెక్నిక్స్ నేర్పిస్తామని, ఉద్యోగం గ్యారంటీ అని చెప్తున్నారు. కట్టమంటారా? దీన్ని నమ్ముకుని వాడు బతకగలడా?

జవాబు: అమ్మా, ఇప్పుడే కట్టకండి. పని మంచిదే, శ్రద్ధగా నేర్చుకున్నవాడికి ఇందులో బతుకుదెరువు ఉంది. మీకు చూపించిన దారి మీదే నాకు నమ్మకం లేదు. మొదటి స్థానం ఇప్పిస్తామని ఎవరూ గ్యారంటీ ఇవ్వలేరని, అలా చెప్పేవాళ్లతో జాగ్రత్తగా ఉండమని గూగులే తన మార్గదర్శకాల్లో రాసింది. వాళ్ల సిలబస్ ఒకసారి అడిగి తీసుకోండి. అందులో మెటా కీవర్డ్స్ (పేజీ కోడ్‌లో కనపడకుండా రాసే వెతుకుడు పదాల ట్యాగ్) గురించి గంటలకొద్దీ పాఠాలుంటే లేచి వచ్చేయవచ్చు. ర్యాంకింగ్‌కి ఆ ట్యాగ్‌ని వాడుకోవడం లేదని గూగుల్ 2009లోనే ప్రకటించింది. వేరే సైట్ల నుంచి డబ్బిచ్చి లింకులు కొనడం నేర్పిస్తే ఇంకా ప్రమాదం, క్లయింటు సైటు మీదే దెబ్బ పడుతుంది.

వెబ్ పేజీని కట్టే కోడ్ అయిన హెచ్‌టీఎంఎల్ రాకుండా ఎస్‌ఈఓ నేర్చుకోవడం నేల విడిచి సాము చేయడమే. గూగుల్ పంపే క్రాలర్ అనే ప్రోగ్రామ్ మనిషిలా పేజీ అందం చూసి మురిసిపోదు. కోడ్‌లో ఏది శీర్షిక, ఏది వివరం, ఏ లింకు ఎక్కడికి పోతుందో చదువుకుని తన ఇండెక్స్‌లో, అంటే గూగుల్ దగ్గరుండే పేజీల జాబితాలో, రాసుకుంటుంది. ఆ పేజీని పద్ధతిగా కట్టడానికి ప్రమాణాలున్నాయి. వెబ్‌ని కనిపెట్టిన టిమ్ బెర్నర్స్ లీ 1994లో స్థాపించిన డబ్ల్యూ3సీ వంటి సంస్థలు వాటిని రూపొందిస్తున్నాయి. మీవాడు మొదట చదవాల్సింది ఆ ప్రమాణాల గురించే. వెబ్ పేజీలు కట్టేవాళ్ల కోసం ఉన్న ఎమ్‌డీఎన్ సైటులో పాఠాలు ఉచితం, గూగుల్ వాళ్ల ఎస్‌ఈఓ స్టార్టర్ గైడ్ కూడా ఉచితమే.

ఇక అభ్యాసానికి వాళ్ల మేనమామ సైటు కంటే మంచిది దొరకదు. ముందు అది గూగుల్ ఇండెక్స్‌లో ఉందో లేదో చూడమనండి. మామయ్య పేరు మీద సెర్చ్ కన్సోల్ (సైటు యజమానులకు గూగుల్ ఇచ్చే పరికరం) తెరిచి, హోమ్ పేజీ అడ్రస్ ఇచ్చి తనిఖీ చేస్తే అదే చెప్తుంది. లేదని వస్తే మొదట అనుమానించాల్సింది పేజీని ఇండెక్స్‌లో పెట్టవద్దని చెప్పే నోఇండెక్స్ అనే ఆదేశాన్ని. సైటు తయారవుతున్నప్పుడు బయటివాళ్ల కంట పడకూడదని డెవలపర్లు దాన్ని పెడతారు, పని అయ్యాక తీసేయడం మర్చిపోతారు. సైట్లు తయారుచేసే వర్డ్‌ప్రెస్‌లో అయితే అది సెట్టింగ్స్‌లో ఒక్క టిక్కు. ఆ ఒక్క టిక్కు వల్ల ఏడాదంతా సైటు చీకట్లో ఉండిపోవచ్చు.

అది సరిగానే ఉందనుకుందాం. అప్పుడు చీరల పేజీ తెరవమనండి. మన చిన్న షాపుల సైట్లలో తరచుగా కనిపించేది ఏమిటంటే, చీర పేరు, రేటు, నేత వివరం అన్నీ ఫొటో మీదే అక్షరాలుగా ముద్రించి ఉంటాయి. ఫొటోలో ఉన్న రాతను కోడ్‌లో ఉన్న రాతలా నమ్మకంగా చదవడం క్రాలర్‌కి కుదరదు. ఆ వివరాలన్నీ మామూలు టెక్స్ట్‌గా పేజీలోకి రావాలి. ప్రతి ఫొటోకీ ఆల్ట్ అనే చోట ఒక వాక్యం ఉండాలి. 'ఐఎంజీ 2047' అని వదిలేస్తే ఎవరికీ ఏమీ తెలియదు. 'నిజాం అంచుతో మెంతి రంగు మంగళగిరి కాటన్ చీర' అని రాస్తే గూగుల్‌కి అర్థమవుతుంది, తెరమీది రాతను చదివి వినిపించే స్క్రీన్ రీడర్‌తో ఫోన్ వాడే అంధులకూ చీర ఎలాంటిదో తెలుస్తుంది. నిజానికి ఆల్ట్ ఎక్కువగా అక్కరకొచ్చేది వాళ్లకే. చూపు లేనివారికి పనికొచ్చేలా కట్టిన పేజీ సెర్చ్‌కీ పనికొస్తుందన్న సంగతి మీవాడి మనసుకు ఎక్కితే సగం విద్య వచ్చినట్టే. అలాగని ఆల్ట్ నిండా 'బెస్ట్ చీరలు, చీప్ చీరలు' అని కుక్కకూడదు.

అన్ని పేజీలకూ 'హోమ్' అనే ఒకే టైటిల్ ఉంటే, దేనికి తగ్గది దానికి రాయాలి. ఇవన్నీ ఒక సాయంత్రం పనులు.

తర్వాత వేగం. ఫోన్ పేజీనే ఆధారంగా తీసుకునే పద్ధతికి గూగుల్ మారిపోయింది కాబట్టి పరీక్ష కూడా ఫోన్‌లోనే చేయాలి. పేజీలో పెద్ద భాగం 2.5 సెకన్లలోపు కనపడాలని, నొక్కితే 200 మిల్లీ సెకన్లలోపు స్పందించాలని, చదువుతుంటే పేజీ ఎగిరెగిరి పడకూడదని కొలతలు పెట్టారు. గూగుల్ వాళ్ల పేజ్‌స్పీడ్ ఇన్‌సైట్స్‌లో ఉచితంగా చూసుకోవచ్చు. చీరల సైటు నెమ్మదించడానికి సాధారణంగా కెమెరా నుంచి తీసింది తీసినట్టు పెట్టిన ఫొటోలే కారణం. సైజు తగ్గించి, వెడల్పు ఎత్తు కోడ్‌లో రాస్తే చాలావరకు కుదుటపడుతుంది. అయితే వేగం ఒక్కదానితోనే పైకి వస్తుందనుకోవద్దు. పేజీలో చదవదగ్గ విషయం లేకపోతే ఎంత వేగంగా తెరుచుకున్నా లాభం లేదు. చీర ఎలా ఉతకాలి, అసలు మంగళగిరి నేతను ఎలా గుర్తుపట్టాలి అన్నవి షాపులో రోజూ అడిగేవే కదా. వాటికి జవాబులు మామయ్యను అడిగి మీవాడే రాయాలి.

తెలుగులో రాయడం గురించి ప్రత్యేకంగా చెప్పాలి. మన విజయవాడ డీటీపీ సెంటర్లలో అను ఫాంట్లలో టైపు చేయడం పాత అలవాటు. అచ్చుకు అది బాగానే పనికొచ్చింది. ఆ మేటర్‌ని తెచ్చి నేరుగా వెబ్ పేజీలో పెడితే మాత్రం కంప్యూటర్‌కి అది తెలుగే కాదు, ఏవో గుర్తులు. 'చేనేత చీరలు' అని ఎవరు వెతికినా అది దొరకదు. ఏ కంప్యూటరైనా తెలుగుగా గుర్తించే యూనికోడ్‌లోకి మార్చాలి, పేజీ భాష తెలుగు అని కోడ్‌లో చెప్పాలి. మంచి తెలుగూ, పద్ధతైన హెచ్‌టీఎంఎల్ రెండూ వచ్చిన పిల్లలు నాకు అరుదుగా కనిపిస్తున్నారు. మీవాడు అందులో ఒకడైతే నాకు చాలా సంతోషం.

ఉద్యోగాల సంగతి దాచకుండా చెప్తాను. ఎస్‌ఈఓ ఎగ్జిక్యూటివ్‌గా మొదటి జీతం చిన్నదే. విజయవాడ, గుంటూరుల్లో అవకాశాలు హైదరాబాద్‌తో పోలిస్తే తక్కువ. ఇంటి నుంచి చేసే పనులు కొన్ని దొరుకుతాయి. సెర్చ్‌లో ఏఐ జవాబులు వచ్చాక ఈ పని పోతుందని టెన్షన్ పడేవాళ్లున్నారు. కొన్ని రకాల సైట్లకు క్లిక్కులు తగ్గుతున్న మాట నిజం. కానీ ఆ జవాబుల్లో కనపడటానికి వేరే ప్రత్యేక హంగులు అక్కర్లేదని, పాత మూలసూత్రాలే చాలని గూగుల్ చెప్తోంది. కేవలం కీవర్డ్స్ నింపడం నేర్చినవాడికి కష్టకాలమే. పేజీ కట్టడం వచ్చినవాడు మాత్రం ఫ్రంట్ ఎండ్ (పేజీలు కట్టే పని) వైపు గానీ, యాక్సెసిబిలిటీ టెస్టింగ్ (వికలాంగులకు సైటు పనికొస్తోందో లేదో పరీక్షించడం) వైపు గానీ వెళ్లగలడు. బీకాం చదివాడు కాబట్టి షాపు లెక్క తెలుసు, క్లయింటుతో మాట్లాడేటప్పుడు అది పెద్ద బలం.

ఏ మార్పు ఏ తేదీన చేశాడో నోట్సు రాసుకోమనండి. ఫలితం వారంలో రాదు, నెలలు పట్టవచ్చు. మీ తమ్ముడికి ఈ మాట ముందే చెప్పండి, లేకపోతే మేనల్లుడి మీద విసుక్కుంటాడు. సెర్చ్ కన్సోల్ 16 నెలల లెక్కలు చూపిస్తుంది కాబట్టి ముందూ తర్వాతా తేడా పక్కపక్కన పెట్టి చూపించవచ్చు. ఇంటర్వ్యూలో కోర్సు సర్టిఫికెట్ కంటే ఆ గ్రాఫు, ఆ నోట్సు ఎక్కువ మాట్లాడతాయి. ఈ పని అయ్యాక కూడా ఎవరైనా పక్కన కూర్చుని నేర్పితే బాగుండనిపిస్తే అప్పుడు కోర్సు చూద్దాం. నేర్పేవాళ్లు చేసిన సైట్లు రెండు మూడు అడిగి, మీవాడే వాటిని పైన చెప్పినట్టు పరీక్షించాక ఫీజు మాట.

ఇంకొకటి, డొమైన్ (సైటు అడ్రస్) మీ తమ్ముడి పేరు మీదే ఉందో, సైటు చేసినవాళ్ల పేరు మీద ఉందో ఈ వారమే కనుక్కోమనండి. వాళ్ల పేరు మీద ఉంటే ముందు దాన్ని మార్పించుకుని, ఆ తర్వాతే మిగతా పనులు మొదలుపెట్టాలి.