వద్దన్నా వెంటపడుతుంటే...

ప్రశ్న: విజయనగరంలో హాస్టల్లో ఉండి చదువుతున్నాను. ల్యాబ్ నుంచి రాత్రి తిరిగొస్తుంటే ఒకడు బైక్ మీద గేటు దాకా వెంటపడి మాట్లాడమంటున్నాడు. వద్దన్నా వినడు. ఇంట్లో చెబితే చదువు మాన్పిస్తారేమోనని టెన్షన్.
– ఒక విద్యార్థిని

జవాబు: ఏళ్ల తరబడి వార్డెన్‌గా చేసినదాన్ని, చెబుతున్నా విను తల్లీ. తప్పు వాడిది. నువ్వెందుకు చదువు మానాలి? ఇలా పదేపదే వెంటపడడం భారతీయ న్యాయ సంహిత 78వ సెక్షన్ కింద నేరం. బండి నంబరు, తేదీ, టైము రాసిపెట్టుకో. వార్డెన్‌కు ఫిర్యాదు కాగితం మీదే ఇచ్చి, నీ కాపీ మీద సంతకం తీసుకో. నోటిమాట మర్నాటికి ఎవరికీ గుర్తుండదు. ఆ దారిలో లైట్లు వెలగకపోతే అదీ రాయి. మళ్లీ కనబడితే వెంటనే 112కి ఫోన్ చెయ్యి. ఏ పోలీస్ స్టేషన్‌లోనైనా జీరో ఎఫ్‌ఐఆర్ (ఘటన ఎవరి పరిధిలో జరిగినా నమోదు చేసే కేసు) నమోదు చేయించుకోవచ్చు. అమ్మకు మాత్రం ఇవాళే చెప్పు. అమ్మ భయపడితే ఈ జవాబు చదివి వినిపించు.